పాట ఆగినా పనిచేస్తున్న స్పీకరు

నంద్యాల కొత్తగా జిల్లా కేంద్రమైన ఏడాది, వానాకాలం మొదట్లో, నన్ను కర్నూలు ఆఫీసు నుంచి నంద్యాల బ్రాంచికి సీనియర్ సైట్ ఇంజనీరుగా వేశారు. అంతకు ముందు చాలా ఏళ్ళు టెలిఫోన్ శాఖలో పనిచేసి, స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుని ఈ ప్రైవేటు సంస్థలో చేరాను. ఇళ్ళకూ కల్యాణ మండపాలకూ ఇంటర్నెట్ లైన్లు, పాటలు వినే పరికరాలు అమర్చడం మా పని. బ్రాంచిలో మేనేజరు తర్వాతి హోదా నాది.

సైట్ ఇంజనీరు ముందుగా ఇంటికి వెళ్ళి గోడలు, గదులు, సిగ్నలు చూసి ఏ సామాను సరిపోతుందో రాసివ్వాలి. దాన్ని సర్వే అంటాం. తర్వాత టెక్నీషియన్ వెళ్ళి బిగిస్తాడు. చివరికి ఇంజనీరు మళ్ళీ వెళ్ళి పరీక్షించి, ఇంటివాళ్ళకు వాడకం నేర్పి అప్పగించాలి. అది హ్యాండోవర్. ఆ బ్రాంచిలో నేను చేసిన సర్వేలు లెక్కలేనన్ని. వాటిలో ఆళ్ళగడ్డలో చేసినది ఒక్కటే నన్ను భయపెట్టింది.

ఫోను చేసినామె పేరు హేమలత. ఆళ్ళగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే వీరాచారి గారి కూతురు. పిల్లలకు ఇంటర్నెట్‌లో వయొలిన్ పాఠాలు చెబుతుంది.

"పాట మధ్యలో తెగిపోతాంది మేడమ్. తెగకుండా వచ్చినప్పుడు కూడా వయొలిన్ వయొలిన్ మాదిరి లేదు. మంచి సౌండు రావాలంటే ఏ యాప్ పెట్టుకోవల్ల, ఏ మిషను కొనుక్కోవల్లనో మీరే వచ్చి చూసి చెప్పండి" అంది.

అలాంటి ఫోన్లు మాకు రోజూ వచ్చేవి. ఓబులేసును వెంటబెట్టుకుని బయల్దేరాను. అతను మా బ్రాంచిలో అందరికంటే పాత టెక్నీషియన్, నా ఈడువాడే. శిరివెళ్ళ దాటేదాకా ఇద్దరం కల్యాణ మండపాల ముచ్చట్లే చెప్పుకున్నాం.

వీరాచారి గారి ఇల్లు రోడ్డు పక్కన శిల్పాల షెడ్డు వెనకాల ఉంది. ముందు గ్రైండర్ల రొద, నల్లరాతి దుమ్ము, సగం చెక్కిన విగ్రహాలు. ఆ సందులోంచి లోపలికి వెళితే నాపరాళ్ళతో కట్టిన పాతకాలపు ఇల్లు. గోడ మందం చూడగానే పాట ఎందుకు తెగుతోందో సగం అర్థమైంది. రౌటరు, అంటే ఇంటర్నెట్‌ను గాలిలోకి వదిలే పెట్టె, వంటింటి పక్క గదిలో ఉంది. స్పీకరు హాల్లో అలమారా మీద ఉంది. మధ్యలో రెండు రాతి గోడలు. వేగంగా పోయే సిగ్నలు అలాంటి గోడను దాటలేదు. దాటగలిగే సిగ్నలుకు వేగం ఉండదు.

హేమలతకు ముప్పై దాటి ఉంటాయి. నాకు కాఫీ గ్లాసు అందించేటప్పుడు చూశాను, ఆమె ఎడమ చేతి చివరి రెండు వేళ్ళు వంగిపోయి ఉన్నాయి, తెరుచుకోవడం లేదు. వయొలిన్ వాయించేవాళ్ళకు తీగ నొక్కే చెయ్యి అదే. నా చూపు గమనించి ఆమే చెప్పింది.

"వాయించల్యాను మేడమ్. వింటా, తప్పులు చెప్తా. నా బతుకిప్పుడు చెవుల మీదనే."

అందుకని ఆమెకు పని వివరంగా చెప్పాలనుకున్నాను. ఫోనులోంచి బ్లూటూత్ ద్వారా పాట పంపితే, గాలిలో పట్టేటట్టు దాన్ని కుదించి పంపుతుంది. కుదించేటప్పుడు కొంత శబ్దం పోతుంది. వయొలిన్‌లో కమాను తీగ మీద రాసుకునే సన్నని గరగర ముందు పోతుంది. అదే వైఫై మీదైతే స్పీకరే నేరుగా ఇంటర్నెట్ నుంచి పాట తెచ్చుకుంటుంది, ఫోను కేవలం రిమోటు. ఏమీ తీసెయ్యకుండా పూర్తి పాటను ఇచ్చే సేవలు కొన్ని ఉన్నాయి, వాటిని లాస్‌లెస్ అంటారు. అయితే ఆ పాటను మోసేంత దారి ఇంట్లో ఉండాలి, దాన్ని పలికించే సత్తా స్పీకరుకూ ఉండాలి.

అలమారా మీది స్పీకరు మనిషి మాట విని పనిచేసే రకం. పాట పేరు చెబితే వేస్తుంది, వాతావరణం అడిగితే చెబుతుంది. చూడ్డానికి బాగుంది. వాయింపజేసి విన్నాను.

"ఇది బొంగురు డబ్బా అమ్మా. మాటలు వినడానికి చేసిన వస్తువు, పాటలు వినిపించడానికి కాదు. దీన్ని తీసేసి వేరే పెట్టుకుందాం" అన్నాను.

హేమలత తలూపింది. వీరాచారి గారు మాత్రం కొంచెం ఇబ్బందిపడుతూ, "మా అల్లుడు పంపినాడమ్మా అది. పెద్దమనుషులు వీళ్ళిద్దరికీ రాజీ మాట్లాడినప్పుడు, మా పాపకు పాటలంటే ఇష్టమని, మనిషిని పెట్టి బిగించి పోయినాడు" అన్నారు. అంతకు మించి చెప్పలేదు. కూతురు తల వంచుకుంది. ఆమె భర్త దగ్గర ఉండటం లేదని అర్థమై నేనూ రెట్టించలేదు.

నేను రౌటరు గదిలోకి వెళ్ళి నా ల్యాప్‌టాప్ దానికి తగిలించాను. అప్పుడే హాల్లో వీరాచారి గారి ఫోను మోగింది. ఆయనకు చెవి కొంచెం మందం, గ్రైండర్ల పుణ్యం. ఎప్పుడూ స్పీకరు నొక్కే మాట్లాడతారు. అవతలి మాట నాకు స్పష్టంగా వినపడింది.

"ఏం మామా, ఇంట్లోకి ఎవరెవర్నో రానిస్తాండావంటనే? నేను పంపింది బొంగురు డబ్బానా? దాన్ని ముట్టుకోవద్దని చెప్పు ఆ యమ్మకు."

ఫోను పెట్టేసిన చప్పుడు.

నేను గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాను. వీరాచారి గారు ఓబులేసు వంక చూస్తున్నారు. ఆ చూపులో అనుమానం ఉంది. ఓబులేసు రెండు చేతులూ పైకెత్తి, తన ఫోను సంచిలోనే ఉందన్నట్టు చూపించాడు. హేమలత గోడకు చేరగిలబడి నిలబడింది. ఆమె ముఖం చూస్తే ఇది మొదటిసారి కాదని తెలిసిపోయింది.

"ఎప్పుడూ ఇంతే" అంది మెల్లగా. "ఏది అనుకున్యా వానికి తెల్చాది."

నా మాట నా నోట్లోంచి వచ్చి కాఫీ చల్లారేంతసేపు కూడా కాలేదు. ఆ గదిలో ఉన్నది మేం నలుగురం. మళ్ళీ రౌటరు దగ్గరికి వెళ్ళి తెర మీద చూశాను. ఏ పరికరం ఎంత డేటా తీసుకుంటోంది, ఎంత పంపుతోంది అనేది అక్కడ పక్కపక్కన కనిపిస్తుంది. పాట వినేటప్పుడు డేటా కిందికి వస్తుంది, అంటే బయటి నుంచి ఇంట్లోకి. పాట ఆపితే రెండు వైపులా దాదాపు ఏమీ ఉండకూడదు. పాట ఆపేసే వచ్చాను. అయినా ఆ స్పీకరు పైకి డేటా పంపుతూనే ఉంది. ఆగకుండా, ఒకే తీరుగా. టెలిఫోన్ శాఖలో పనిచేసినదాన్ని. మాట్లాడుతున్న లైను ఎలా ఉంటుందో నాకు తెలుసు.

హాల్లోకి వచ్చి మామూలు గొంతుతో, "సిగ్నలు బయట కూడా చూడాల హేమా, నీ ఫోను తీసుకుని షెడ్డు దాకా రా. అయ్యా, మీరూ రండి" అన్నాను. ఓబులేసు కూడా మా వెనకే వచ్చాడు.

షెడ్డులో ముగ్గురు మనుషులు గ్రైండర్లతో రాయి కోస్తున్నారు. ఆ రొదలో ఒకరి చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే తప్ప వినపడదు. హేమలత ఫోనులో ఆ స్పీకరు తాలూకు యాప్ తెరిపించాను. ఇంటి యజమాని అనే చోట కిరణ్ అని ఉంది. హేమలత పేరు కింద అతిథుల వరసలో ఉంది. సొంత తండ్రి ఇంట్లో ఆమె అతిథి. ఇంటర్‌కమ్ అనే సదుపాయం తెరిచి ఉంది. ఒక ఇంట్లోవాళ్ళు ఎక్కడున్నా ఫోను ద్వారా ఆ స్పీకరుతో కలిసి మాట్లాడుకోవడానికి పెట్టిన ఏర్పాటు అది. యజమాని ముందే అనుమతి పెట్టుకుంటే అవతల ఎవరూ ఫోను ఎత్తనక్కర్లేదు, లైను తెరుచుకుంటుంది. తెరుచుకున్నప్పుడు గంట మోగాలి, దీపం వెలగాలి. ఆ రెంటినీ ఆపేసి ఉంచారు.

హేమలతకు చెవిలో చెప్పాను. ఆమె అరవలేదు, ఏడవలేదు. నా మోచేతిని వంకర వేళ్ళున్న ఆ చేత్తోనే పట్టుకుంది. పట్టు చాలా గట్టిగా ఉంది.

అప్పుడు చెప్పింది మిగతాది. కిరణ్‌ది నంద్యాలలో విత్తనాల వ్యాపారం. పెళ్ళైన కొన్నాళ్ళకే ఆమె కచేరీలు మాన్పించాడు. ఒకరోజు మాటకు మాట చెప్పిందని ఆమె చెయ్యి తలుపు సందులో ఉండగా తలుపు మూశాడు. ఆమె తండ్రి దగ్గరికి వచ్చేసింది. ఒక స్కూల్లో సంగీతం టీచరుగా తీసుకుంటామంటే ఇంట్లో తండ్రితో చెప్పుకుంది. మర్నాటికి ఆ స్కూలు వాళ్ళు వద్దన్నారు. ఎవరైనా అడిగితే మందుల షాపుకని చెప్పాలని తండ్రితో అనుకుని, నంద్యాలలో వకీలును కలుద్దామని బస్సెక్కితే, దిగేచోట కిరణ్ నిలబడి ఉన్నాడు. నవ్వుతూ, "మందుల షాపుకు వచ్చినావా?" అని అడిగాడట. పోలీసులకు చెప్పుకుంటే వాళ్ళు అడిగిన ప్రశ్న, "నీ దారి ఆయనకు ఎట్లా తెలుస్తాందమ్మా?" అని.

"మా వదినను అనుమానించినా అక్కా. పక్కింటామెను అనుమానించినా. ఒక దినం నాయననే అనుమానించినా" అంది. మేడమ్ పోయి అక్క అయ్యాను.

వీరాచారి గారికి విషయం అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక పక్కనున్న పెద్ద సుత్తి చేతికి తీసుకున్నారు. ఇంటివైపు నడిచారు. నేను అడ్డం నిలబడ్డాను. ఆయన కళ్ళలో నీళ్ళు, కోపం రెండూ ఉన్నాయి. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు ఆ సుత్తి అంటే కూడా భయమేసింది.

"పగలగొడితే మన చేతిలో ఏమీ ఉండదు అయ్యా. వానికి తెలిసిపోతుంది, వాడు అన్నీ చెరిపేస్తాడు. ఈ పొద్దు అది అక్కడే ఉండాల" అని చెవిలో అరిచి చెప్పాను.

రొదకు దూరంగా రోడ్డు మీదికి వచ్చి మా మేనేజరుకు ఫోను చేశాను. సంస్థ నిబంధన ప్రకారం వేరేవాళ్ళ పేరు మీదున్న ఖాతాలో మేం వేలు పెట్టకూడదు. సర్వే మధ్యలో ఆపేసి రమ్మని, ఇంటి గొడవల్లో తలదూర్చొద్దని ఆయన అన్నాడు. ఆయన చెప్పినదాంట్లో న్యాయం ఉంది. నేను ఖాతాను ముట్టుకోనని మాట ఇచ్చాను, ముట్టుకోలేదు కూడా. హేమలత ఫోనులో కనిపించిన ప్రతి పేజీకీ, లోపలికి వెళ్ళి రౌటరు తెరకూ ఫొటోలు తీశాను. వాటి నకళ్ళు నా ఫోనుకూ ఓబులేసు ఫోనుకూ పంపుకున్నాం.

అయితే ఆ ఫొటోలతో యజమాని అతనేనని తేలుతుంది, విన్నది అతనేనని తేలదు. ఆ స్పీకరు ముందు తప్ప ఇంకెక్కడా చెప్పని మాట ఒకటి చెప్పి, దానికి అతను కదులుతాడేమో చూడాలి. ఈ ఆలోచన నాదే. చెప్పిన మరుక్షణం నుంచీ, చెప్పకుండా ఉంటే బాగుండునని కూడా అనుకున్నాను. అతను ఎంతకు తెగిస్తాడో మాకు తెలియదు.

ఓబులేసే ముందుకొచ్చాడు. "కోయిలకుంట్లలో మండపం పని ఎట్లాగూ ఉండాది మేడమ్. వీళ్ళు ఆడికే పోతాండారని చెప్పించండి. రేపు పొద్దున బస్టాండులో నేనుంటా. వానికి నా మొగం తెలీదు గదా" అన్నాడు. హేమలత కిరణ్ ఫొటో చూపించింది.

ఇంట్లోకి తిరిగి వచ్చాం. నేను కావాలనే గట్టిగా, "స్పీకరు మార్చనక్కర్లేదులే, తర్వాత చూద్దాం" అని చెప్పి సామాను సర్దుతున్నట్టు నటించాను. వీరాచారి గారు హాలు మధ్యలో నిలబడ్డారు. జీవితంలో ఆయన అబద్ధం ఆడిన మనిషిలా కనిపించలేదు. ఎక్కడ తడబడతారోనని భయపడ్డాను.

"పాపా, రేపు పొద్దున బేగా లెయ్యి. కోయిలకుంట్లకు పోదాం. ఆడ ఒక వకీలుండాడంట" అన్నారు.

"నంద్యాలకు గదా నాయనా పోవాల్సింది?"

"నంద్యాల వద్దు. ఆడ వాని మనుషులుండారు. కోయిలకుంట్ల బస్టాండులో దిగితే వకీలు మనిషి వచ్చి తోడుకపోతాడు. ఎవురికీ చెప్పాకు."

ఆయన గొంతు వణికింది. ఆ వణుకు నటన కాదు. అందుకే ఆ మాట నిజంలా వినిపించింది. హేమలత వంటింట్లోకి వెళ్ళిపోయింది. అలమారా మీద ఆ స్పీకరు ఏ దీపమూ లేకుండా, ఏ చప్పుడూ లేకుండా ఉంది. ఒక వస్తువుకు భయపడి నేను చూపు తిప్పుకోవడం అదే మొదటిసారి.

మర్నాడు ఉదయం నేను తెలిసినవాళ్ళ కారులో, వాళ్ళ డ్రైవరును తీసుకుని ఆళ్ళగడ్డ వెళ్ళాను. ఆఫీసు బండి తీసుకోలేదు, దాని మీద సంస్థ పేరు ఉంటుంది. తండ్రీకూతుళ్ళను షెడ్డు వెనక సందులో ఎక్కించుకుని, పోలీసుల దగ్గరికని నంద్యాల దారి పట్టాం. కిరణ్ ఆ మాట వినకపోయి ఉంటే? విని, నమ్మకపోయి ఉంటే? అప్పుడు అతను ఉండేది మేం వెళుతున్న ఊళ్ళోనే. కిరణ్‌ది తెల్ల కారు కావడంతో, వెనక ఏ తెల్ల కారు వచ్చినా హేమలత సీటులో కిందికి జారిపోయేది. అది మమ్మల్ని దాటిపోయాకే పైకి లేచేది. ఒకచోట గొర్రెల మంద అడ్డం వచ్చి ఆగాల్సి వచ్చింది. వెనక ఒక కారు హారన్ కొడుతూనే ఉంది. వీరాచారి గారు కూతురి తల మీద తన తువ్వాలు కప్పి, చేత్తో అదిమి పట్టుకున్నారు. ఆ కారులో ఉన్నది పెళ్ళికి పోతున్న కుటుంబం.

శిరివెళ్ళ దాటాక ఓబులేసు ఫోను వచ్చింది. అతను గొంతు బాగా తగ్గించి మాట్లాడాడు.

"వచ్చినాడు మేడమ్. ఒక్కడే కాదు, ఇంకా ఇద్దరుండారు. ఆళ్ళగడ్డ బస్సు వచ్చినప్పుడల్లా ఒకడు ఎక్కి సీట్లన్నీ చూసి దిగుతాండాడు. ఫొటోలు తీసినా. మేడమ్, ఇంకొకటి. కారు డిక్కీ తెరిచినప్పుడు చూసినా. ఇనప రాడ్లుండాయి."

హేమలత నా ముఖమే చూస్తోంది. వచ్చాడని మాత్రమే చెప్పాను. రాడ్ల సంగతి నంద్యాల చేరేదాకా చెప్పలేదు. కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాను. మేం చెప్పిన అబద్ధమే నిజమై, వాళ్ళిద్దరూ ఆ బస్సులో ఉండి ఉంటే ఏమయ్యేదో ఆలోచించకుండా ఉండలేకపోయాను.

నంద్యాలలో మహిళా పోలీసు స్టేషనుకు నేరుగా వెళ్ళాం. అక్కడి ఇన్‌స్పెక్టరమ్మ మొదట నన్ను, మీరు చుట్టమా అని అడిగారు. కాదు, వైర్‌లెస్ పాటల పరికరాల సర్వేకు వెళ్ళిన ఇంజనీరునని చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టి పూర్తిగా విన్నారు. డేటా పైకి పోవడం, కిందికి రావడం గురించి రెండుసార్లు చెప్పించుకున్నారు. ఓబులేసు పంపిన ఫొటోలు చూశాక ఇంకేమీ అడగలేదు. వెంటనే కోయిలకుంట్లకు ఫోను చేశారు. అక్కడి పోలీసులు బస్టాండులోనే ఆ కారును ఆపారు.

ఆ తర్వాత కొద్దిసేపటికే హేమలత ఫోనులోని యాప్‌లో ఆ ఇల్లు మాయమైపోయింది. యజమాని పేరు, అతిథి పేరు, ఇంటర్‌కమ్, అన్నీ పోయాయి. పోలీసులు ఫోను తీసుకునేలోపు కిరణ్ ఖాతాను చెరిపేసి ఉండాలి. ముందురోజు తీసిన ఫొటోలే మిగిలాయి. సాయంత్రం పోలీసులతో కలిసి ఆళ్ళగడ్డ వెళ్ళాం. స్పీకరును ఎక్కడున్నది అక్కడే ఫొటో తీసి, ప్లగ్గు పీకి, సంచిలో పెట్టి సీలు వేశారు. నేను చూసినదంతా రాసి సంతకం చేసిచ్చాను.

కేసు పెట్టారు. కిరణ్ కొన్నాళ్ళు లోపల ఉండి బెయిలు మీద వచ్చాడు. అతను హేమలత ఉన్న చోటికి రాకూడదని కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. ఇనప రాడ్లు దుకాణం షట్టరు కోసమని అతని తరఫువాళ్ళు చెప్పారట. కేసు ఇంకా నడుస్తోంది. నేను రెండుసార్లు సాక్ష్యం చెప్పివచ్చాను. కోర్టు వరండాలో అతను నా పక్కనుంచే నడిచి వెళ్ళాడు. నా వంక చూడలేదు. అయినా ఇంటికి చేరేదాకా నేను వెనక్కి తిరిగి చూస్తూనే వెళ్ళాను.

హేమలత సర్వే మాత్రం పూర్తి చేయమంది. "పాట మానుకుంటే వాడు గెల్చినట్లే అక్కా" అంది.

ఈసారి సామాను ఎంపికలో క్రమం మార్చాను. ముందు మైకు లేని పరికరాలు ఏవో చూశాను. పాట తెచ్చే పెట్టె ఒకటి, స్ట్రీమరు అంటారు, మాట వినే ఏర్పాటు అసలు లేనిది. దానికి ఒక యాంప్లిఫయరు, రెండు మామూలు స్పీకర్లు. రౌటరు నుంచి హాలు దాకా తీగ లాగాం. రాతి గోడలకు వీరాచారి గారే స్వయంగా రంధ్రాలు వేసిచ్చారు. పాటల సేవ ఖాతా హేమలత తన ఫోను నుంచి, తన నంబరు మీద తెరిచింది. పాస్‌వర్డు కొట్టేటప్పుడు నేను, ఓబులేసు గోడవైపు తిరిగి నిలబడ్డాం. రౌటరు పాస్‌వర్డు కూడా మార్పించాం. ఆమె గురువు గారి పాఠాల రికార్డులు ఒక హార్డ్ డిస్కులో వేసి స్ట్రీమరుకే తగిలించాం. అవి వినడానికి ఇంటర్నెట్ అవసరం లేదు.

హ్యాండోవర్ రోజు ఆమె ఒక వయొలిన్ రికార్డు వేసింది. కమాను తీగ మీద దిగే గరగర నా చెవికి కూడా పట్టింది. పాట ఒక్కసారి కూడా తెగలేదు. ఆమె కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నది. అయిపోయాక, ఎట్లా ఉందమ్మా అని అడిగాను.

ఆమె నోరు తెరిచి ఆగిపోయింది. స్పీకర్ల వంక చూసింది. లేచి నా దగ్గరికి వచ్చి, నా చెవి దగ్గర నోరు పెట్టి, "బాగుందక్కా" అంది. వాటిలో మైకు లేదని ఆమెకు తెలుసు. ముందే పెట్టెలు విప్పి, ఒక్కొక్క భాగం పేరు చెప్పి చూపించాను. తెలిసినా ఆ మాట పైకి అనలేకపోయింది. చాలా నెలల పాటు ఆ ఇంట్లో ఏ ముఖ్యమైన మాటైనా షెడ్డులోకి వెళ్ళి, గ్రైండర్ల మధ్యనే చెప్పుకునేవాళ్ళని వీరాచారి గారు తర్వాత ఫోనులో చెప్పారు. ఈ మధ్య హాల్లోనే పోట్లాడుకుంటున్నామని కూడా చెప్పారు. నాకు ఆ మాట సంతోషం కలిగించింది.

ఆ ఏడాది తర్వాత పదవీ విరమణ చేసేదాకా నా ప్రతి సర్వేలోనూ మొదటి ప్రశ్న ఒకటే: ఈ ఖాతా ఎవరి పేరు మీద ఉంటుంది, వాళ్ళు ఈ ఇంట్లోనే ఉంటారా? కొందరు కస్టమర్లు విసుక్కున్నారు. సౌండు గురించి చెప్పకుండా ఇదేం ప్రశ్న అన్నారు. అయినా అడగడం మానలేదు. ఇప్పటికీ తెలిసినవాళ్ళు ఇంట్లో పాటలకు ఏది కొనమంటావని అడుగుతుంటారు. స్పష్టత, వేగం, గోడల మందం, యాప్ ధర, అన్నీ చెబుతాను. అయితే అవన్నీ తర్వాత. బహుమతిగా వచ్చినదైనా, సొంతంగా కొన్నదైనా, ఇంట్లోకి వచ్చే పరికరం బయట ఇంకెవరి మాటా వినదని తేల్చుకున్నాకే ప్లగ్గు పెట్టాలి.